రెండో సన్నాయి

సన్నాయి ఊదేవాడి బుగ్గ ఎంత ఉబ్బితే చూసేవాళ్లకి అంత ముచ్చట. పెళ్లికొచ్చిన పిల్లకాయలు పెళ్లికూతుర్ని చూడరు, మీరా సాహెబ్ బుగ్గల్ని చూస్తారు. ఆయనకి అదో గర్వం కూడాను. అందుకే పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో ఆయన ఎడమ చెవి కింద ఉసిరికాయంత గడ్డ లేస్తే బందరు ఇనుగుదురుపేటలో ఒక్కడంటే ఒక్కడు కంగారుపడలేదు. "ఊదీ ఊదీ బుగ్గ గట్టిపడిందిలే" అన్నారు. గవదబిళ్లేమోనని భార్య మరియం నీలిమందు రాసింది, తన మెడలో బంగారు గొలుసు తీసి ఆయన మెడలో వేసింది. అది గవదబిళ్ల కాదని పట్టుబట్టి, బావని రెక్క పుచ్చుకుని గుంటూరు తీసుకెళ్లినవాడు మరియం తమ్ముడు ఇబ్రహీం. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తరవాత వాడు చేసిన పనికి మీరు వాణ్ణి తిట్టుకుంటారు. తిట్టుకోండి, నేనూ తిట్టాను. కానీ మొదటిసారి ఆ మనిషిని బతికించింది వాడేనండీ.

ఇబ్రహీముకి పదేళ్లప్పుడు తండ్రి పోతే అక్కగారింటికి చేరాడు. సన్నాయి ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి అన్నీ బావే నేర్పాడు. ఇరవై ఏళ్లు వచ్చేసరికి మేళంలో రెండో సన్నాయి అయ్యాడు. రెండో సన్నాయి పనేమిటో తెలియనివాళ్లకి చెప్పాలి. పెద్దాయన రాగం తీస్తుంటే గొంతు తగ్గించి వెనకాల ఉండాలి. ఆయన ఊపిరి తీసుకునే చోట ఆ స్వరాన్ని పట్టుకుని నిలబెట్టాలి. ఆయన మళ్లీ అందుకోగానే తగ్గిపోవాలి. వినేవాళ్లకి మధ్యలో ఆగినట్టే తెలియకూడదు. ఆ పని ఎంత బాగా చేస్తే అంతగా ఆ మనిషి పేరు ఎవరికీ తెలియదు. ఇబ్రహీం చాలా బాగా చేసేవాడు.

గుంటూరులో ఆపరేషన్ చేసింది డాక్టరు పాండురంగారావు గారు. చేశాక ఇబ్రహీముని పక్కకి పిలిచి కూర్చోబెట్టి చెప్పారు. "చెవి కింద ఉమ్మి ఊరే గ్రంథి ఒకటుంటుందయ్యా. గడ్డ అందులో పుట్టింది. మంచి గడ్డ కాదు. ముఖాన్ని కదిలించే నరం సరిగ్గా ఆ గ్రంథి మధ్యలోంచే పోతుంది, కొమ్మలు కొమ్మలుగా చీలి. మీ బావగారు సన్నాయి విద్వాంసులన్నావు కదా, ఆ నరానికి గీత పడకుండా తీశాను. కానీ ఇది తిరిగొచ్చే రకం. ఆర్నెల్లకోసారి తీసుకురా. మధ్యలో మూతి ఏమాత్రం పక్కకి లాగినా, పెదవిలో బిగువు తగ్గినా, ఆ రోజే బయల్దేరండి. నరంలోకి దిగిందంటే మాత్రం నరం మిగలదు."

ఆ రోజే అన్నారు. ఆ మాట తన చెవిన పడలేదని ఇబ్రహీం ఏనాడూ అనలేదు, అనడానికి వీలూ లేదు.

రాచపుండు అన్న మాట, క్యాన్సరన్న మాట ఇంట్లో ఎవరూ నోటితో పలకలేదు. 'ఆ జబ్బు' అనేవాళ్లు, అంతే. రెండేళ్లు బుద్ధిగా గుంటూరు వెళ్లొచ్చారు. చెవి కింద మచ్చ మానిపోయి సన్నటి గీతలా మిగిలింది. మీరా సాహెబ్ సన్నాయి మునుపటికంటే బాగుందని కూడా అన్నారు జనం. మూడో ఏడు ఒకసారి పెళ్లిళ్లు అడ్డమొచ్చాయి, ఇంకోసారి బద్ధకం అడ్డమొచ్చింది. అందరిళ్లలోనూ జరిగేదేగా.

డెబ్బై ఏడు శ్రావణంలో గుడివాడలో ఒక రైసుమిల్లు వారింట పెళ్లి. పొద్దున పదింటికి ముహూర్తం. మీరా సాహెబ్ కల్యాణి ఎత్తుకున్నాడు. అరగంట దాటింది. పై షడ్జం మీద నిలబడాల్సిన చోట ఎడమ పెదవి మూల నుంచి 'స్' మని చిన్న చప్పుడు. గాలి జారింది. పక్కన మూరెడు దూరంలో కూర్చున్న ఇబ్రహీముకి తప్ప ఇంకెవరికీ వినపడనంత చప్పుడు. వాడి వేళ్లు వాణ్ణి అడగలేదు. వాడి సన్నాయి ఆ షడ్జాన్ని అందుకుంది, నిలబెట్టింది, బావ సర్దుకుని వచ్చేదాకా మోసింది. డోలు వాయించే నాంచారయ్య ఒక్కడూ తలెత్తి చూశాడు, మళ్లీ దించుకున్నాడు. ముందు వరసలో సంగీతం తెలిసిన ముసలాయనొకడు "శభాష్!" అన్నాడు. మీరా సాహెబ్ వైపు చూసి కాదు. ఇబ్రహీం వైపు చూసి.

అదండీ తగులుకుంది. పదమూడేళ్లు పెళ్లిపందిళ్లలో కూర్చున్నా, వాడి కళ్లలోకి చూసి శభాష్ అన్నవాడు అంతదాకా లేడు.

భోజనాల దగ్గర ఇబ్రహీం అడిగాడు. "బావా, సన్నాయి పీక కొత్తదా? కొంచెం గాలి పోతున్నట్టుంది."

"పీకా లేదు, గీకా లేదు. నీ పని నువ్వు చూసుకో" అన్నాడు మీరా సాహెబ్. ఎప్పుడూ అలా కసురుకునే మనిషి కాదు. ఇబ్రహీం నోరు మూసుకున్నాడు. కసిరాడు కదా అని లోపల ఒక వంక దొరికింది కూడా. అడిగాను, లేదన్నాడు, ఇంక నేనేం చేసేది అనుకున్నాడు. ఆ డాక్టరు గారి మాట గుర్తొచ్చింది. అయినా తాంబూలం వేసుకుని బండెక్కాడు.

ఆ తరవాత ప్రతి పెళ్లిలోనూ అదే వరస. మొదటి అరగంట బావ సన్నాయి మామూలుగానే ఉండేది. పెదవి అలిసిందంటే గాలి జారేది. ఎక్కడ జారబోతుందో ఇబ్రహీముకి ముందే తెలిసిపోయేది. జారకముందే అందుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఎంత నేర్పుగా అంటే ఒక్కోసారి మీరా సాహెబ్‌కే తన పెదవి తప్పిందని తెలిసేది కాదేమో అనిపించేది. బావ పరువు కాపాడుతున్నానని తనకి తాను చెప్పుకునేవాడు. నిజమే, కాపాడాడు. కానీ కల్యాణిలోనో శంకరాభరణంలోనో తన సన్నాయి గొంతెత్తి పందిరంతా నిండినప్పుడు వాడి ఒళ్లు పులకరించేది. ఆ సంగతి మాత్రం తనకి తాను చెప్పుకోలేదు.

కార్తీకంలో దివిసీమ పెళ్లిళ్లు రెండున్నాయి, అవి కాగానే గుంటూరు తీసుకెళ్లిపోదాం అనుకున్నాడు. అనుకుంటూ ఉండగానే ఉప్పెన వచ్చిపడింది. ఇంక ఏం చెప్పమంటారు! దివిసీమలో ఊళ్లకి ఊళ్లే ఊడ్చుకుపోయాయి. ఆ రెండు పెళ్లిళ్లూ జరగవలసిన ఇళ్లలో ఒక ఇంట్లో మనుషులే లేరు. ఇబ్రహీమూ నాంచారయ్యా అందరితోపాటు వెళ్లి శవాలు మోశారు. పది రోజులు అన్నం సయించలేదు. అంత చావు చూసి వచ్చాక 'బావ పెదవి కొంచెం వదులైంది, గుంటూరు తీసుకెళ్దాం' అనడానికి వాడికి నోరు రాలేదు. రైళ్లు సరిగ్గా లేవు, దారులు లేవు, అది నిజమే. మాఘం వచ్చేసరికి అన్నీ నడిచాయి. వాడి నోరు మాత్రం కదల్లేదు.

ఫాల్గుణంలో నాగాయలంక వైపు నుంచి శోభనాద్రి అనే ఆసామి వచ్చాడు. ఉప్పెనలో ఆయన అన్నా వదినా పోయారు, వాళ్ల కూతురు చెట్టు పట్టుకుని బతికింది. ఆ పిల్ల పెళ్లి. "మా ఊళ్లో డోలు మోగి నాలుగు నెలలైంది సాహెబ్‌గారూ. మా అన్న పెళ్లికి మీ నాన్నగారు వాయించారు. మీరే రావాలి" అని మీరా సాహెబ్ చేతులు పట్టుకున్నాడు. రానని ఎవరనగలరు?

ఆ పందిట్లో గంటసేపు ఊదాక, మంగళసూత్రం కట్టేటప్పుడు గట్టిమేళం అన్నారు. డోలు హోరెత్తింది. మీరా సాహెబ్ ఊపిరంతా బిగబట్టి ఊదాడు. ఆయన సన్నాయిలోంచి సగం గాలి పెదవి మూలనుంచే పోయింది. ఆ గట్టిమేళం మొదటినుంచి చివరిదాకా ఇబ్రహీం ఒక్కడే మోశాడు. ఆడవాళ్లు వెక్కివెక్కి ఏడ్చారు. మగవాళ్లు కండువాలు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. శోభనాద్రి వచ్చి మీరా సాహెబ్‌ని కావలించుకుని, "మీ ఊపిరి చల్లగుండాలి" అన్నాడు.

ఆ ఊపిరి ఎవరిదో ఇబ్రహీముకి తెలుసు. వాడి ఛాతీ పొంగింది. అంతమంది పోయిన ఊళ్లో, పక్కనే బావ పెదవి చచ్చిపోతుంటే, వీడి ఛాతీ పొంగింది! మరుక్షణమే తన మీద తనకే అసహ్యం వేసింది. అప్పుడే కాఫీ తెచ్చారు. మీరా సాహెబ్ తాగుతుంటే ఎడమ పక్కనుంచి కాఫీ గడ్డం మీదకి కారింది. ఆయన ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసి కండువాతో తుడుచుకున్నాడు. ఇబ్రహీం చూపు తిప్పుకుని డోలు పట్టీ సర్దుతున్న నాంచారయ్యతో ఏదో మాట కలిపాడు.

"మీ బావగారి సంగతి ఇంట్లో చెప్పావా?" అన్నాడు నాంచారయ్య మెల్లిగా.

"వైశాఖం ముహూర్తాలు కానీ మావయ్యా. మాటిచ్చిన పెళ్లిళ్లు ఉన్నాయిగా" అన్నాడు ఇబ్రహీం.

నాంచారయ్య డోలు పట్టీ బిగించుకున్నాడు. ఆయన మాత్రం ఏం తక్కువ తిన్నాడు, ఆయనా చెప్పలేదుగా. కానీ డాక్టరు గారి ముందు కూర్చుని 'ఆ రోజే' అన్న మాట విన్నవాడు నాంచారయ్య కాదు.

వైశాఖం వెళ్తుండగా ఒక ఆదివారం మరియం మొగుడికి తలంటుతూ చెవి వెనక చెయ్యి పెట్టి "యా అల్లా!" అని అరిచింది. పాత మచ్చ కింద, ఎముకకి కరుచుకుని, గోలీలంత గట్టివి రెండు. మెడలో ఇంకోటి. ఇబ్రహీం పరిగెత్తుకొచ్చాడు. అక్క వాడి వైపు తిరిగి, "నువ్వు పక్కనే కూర్చుంటావు కదరా, ఎప్పుడూ కనపళ్లేదా?" అంది. తప్పు పట్టి కాదు, దిక్కుతోచక అడిగింది. లేదక్కా అన్నాడు. గడ్డ కనపడకపోయిన మాట నిజమే. ఆ ఒక్క నిజాన్ని అడ్డం పెట్టుకుని మిగతాదంతా మింగేశాడు.

మర్నాడే బయల్దేరారు. బందరు బండి దిగి గుడివాడ స్టేషన్లో బెజవాడ బండి కోసం కూర్చున్నారు. మరియం నీళ్లు పట్టడానికి కుళాయి దగ్గరికి వెళ్లగానే మీరా సాహెబ్ బెంచీ మీద దగ్గరికి జరిగాడు.

"ఒరేయ్, నా పెదవి సంగతి నీకు తెలుసు."

పది నెలల్లో పెదవి మాట ఇద్దరి మధ్యా రావడం అదే మొదలు.

"డాక్టరు అడుగుతాడు. బాగానే ఉందని చెప్పు. పెదవి వదులైందని తెలిస్తే నరం కోసి పారేస్తాడు. తెలియకపోతే పోయినసారి లాగా తప్పించి తీస్తాడు. సన్నాయి లేకుండా నేనేం చెయ్యాల్రా? ఇనుగుదురుపేటలో అరుగు మీద కూర్చుని ఈగలు తోలుకోనా? నీకు పాట నేర్పాను. ఇన్నేళ్లలో నిన్నేమీ అడగలేదు."

"అలాగే బావా" అన్నాడు ఇబ్రహీం. అనక ఏమంటాడు. ఆ క్షణంలో ఆయన కాళ్ల మీద పడి ఏడవాలనిపించింది. పడలేదు.

గుంటూరులో పాండురంగారావు గారు మచ్చనీ మెడనీ చాలాసేపు తడిమి చూశారు. మొహం గంభీరంగా పెట్టారు. "మళ్లీ వచ్చింది. మెడలో బిళ్లల్లోకీ పాకింది. మొదటిసారిలా తేలిక కాదు, పాత మచ్చలో అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. ఏదీ, నుదురు ముడెయ్యండి. కళ్లు గట్టిగా మూసుకోండి. పళ్లు చూపించండి. ఇప్పుడు బుగ్గలు పూరించి గాలి బిగబట్టండి."

ముప్పై ఏళ్లు సన్నాయి ఊదిన బుగ్గలవి! మీరా సాహెబ్ రెండు బుగ్గలూ సమానంగా పూరించి, డాక్టరు గారు వేలితో నొక్కినా గాలి వదలకుండా బిగబట్టాడు. పెదవి అలిసిపోవడానికి అరగంట పడుతుంది మరి. డాక్టరు గారికి అరగంట ఎక్కడిది?

"బాగుంది. కదలిక బాగానే ఉంది. అంటే నరంలోకి దిగలేదనే అనుకోవాలి, కాపాడటానికి చూస్తాను" అని ఇంట్లోవాళ్ల వైపు తిరిగారు. "తినేటప్పుడు నీళ్లు జారడం, ఊదేటప్పుడు గాలి పోవడం లాంటివి ఎవరైనా గమనించారా?"

మరియం తల అడ్డంగా ఊపింది. భర్త ఈ మధ్య గోడవైపు తిరిగి తినడం చూసింది కానీ అలక అనుకుంది, పాపం. డాక్టరు గారు ఇబ్రహీం వైపు చూశారు. మీరా సాహెబ్ కూడా చూశాడు.

"లేదండీ" అన్నాడు ఇబ్రహీం.

రెండు రోజుల్లో ఆపరేషన్ అన్నారు. ఆ సాయంత్రం మరియం వరండాలో కూర్చుని రొట్టె తుంచి తమ్ముడికి పెడుతూ, "నరం బాగుందన్నారు కదరా. ఇంక భయం లేనట్టేగా? నువ్వు పక్కనుండి కనిపెట్టుకుని ఉండబట్టే ఈమాత్రమైనా ఉన్నాం" అంది. ఇబ్రహీం ఆ రొట్టె అందుకోకుండానే లేచాడు. కుళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కున్నాడు. అక్క వెనకాలే వచ్చి వీపు నిమిరింది. ఎండలో తిరిగావు, పైత్యం చేసిందంది.

నరం బతికితే బావ పోతాడు. బావ బతకాలంటే నరం పోవాలి. పెదవి సంగతి డాక్టరు గారికి తెలియకపోతే నరం చుట్టూ గీసి వదిలేస్తారు, అందులో మిగిలిపోయింది నెమ్మదిగా తలలోకి పాకుతుంది. ఈ లెక్క ఇబ్రహీముకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. పోనీ నిజం చెప్తే? తనకి పాట నేర్పిన నోటిని తన చేత్తో మూసినట్టు. పైగా ఆ తరవాత మేళంలో మొదటి సన్నాయి ఎవరు? తనే! ఆ ఆలోచన రాగానే వాడు తల గోడకేసి కొట్టుకున్నాడు. చెప్పినా ద్రోహమే, చెప్పకపోయినా ద్రోహమే. దీనికి ముందు చేసింది ఎలాగూ ద్రోహమే.

మర్నాడు పొద్దున్నే డాక్టరు గారు వార్డుల్లోకి వచ్చే దారిలో నిలబడ్డాడు.

"అయ్యా, నేను అబద్ధం చెప్పానండీ. బావ పెదవినుంచి గాలి పోతోంది. చాలాసేపు ఊదాక పోతుంది. మీ దగ్గర పోలేదు కానీ పోతుందండీ. నేను పక్కనుంచి అందుకుంటూ వచ్చాను. ఎవరికీ తెలియకుండా నేనే కప్పిపెట్టాను."

"ఎప్పటినుంచి?"

"పోయిన శ్రావణం నుంచి."

పాండురంగారావు గారు కళ్లజోడు తీసేశారు. "పది నెలలు! నీకు నేను చెప్పలేదటయ్యా? నీకే కదా చెప్పాను?"

"నాకే చెప్పారండీ."

"మరి?"

ఇబ్రహీం తిరిగి అడిగాడు. "అప్పుడే తీసుకొచ్చి ఉంటే, సన్నాయి మిగిలేదా అండీ?"

ఇంకొక డాక్టరైతే ఓదార్చేవాడేమో. ఆయన ఓదార్చలేదు. "నరంలో ఒక్క కొమ్మతో పోయేదేమో. ఊదగలిగేవారో లేదో చెప్పలేను. మెడలోకి మాత్రం పాకి ఉండేది కాదు" అని, కళ్లజోడు పెట్టుకుని వార్డులోకి నడిచారు.

ఇబ్రహీం గుమ్మం బయటే ఉండిపోయాడు. లోపల మాటలు వినపడుతున్నాయి. నరం మొత్తం తీసెయ్యాల్సి వస్తుందని, అవసరమైతే చెవి వెనక ఎముక తొలిచి లోపలిదాకా వెళ్తానని, ఎడమ పక్క ముఖం ఇంక కదలదని, కన్ను మూతపడదని, సన్నాయి మాట మర్చిపోవాలని డాక్టరు గారు ఒకటొకటిగా చెప్పారు. మరియం ఏడుపు వినపడింది.

"నా పెదవి సంగతి మీకెవరు చెప్పారు?" అన్నాడు మీరా సాహెబ్.

"ఎవరు చెప్తే ఏం? నిజమా, కాదా?"

తరవాత కాయితం మీద కలం గీసిన చప్పుడు. మీరా సాహెబ్ సంతకం పెట్టేశాడు. డాక్టరు గారు బయటికి వెళ్తుంటే తలుపు తెరుచుకుంది. మంచం మీదనుంచి ఆయన ఇబ్రహీముని చూశాడు. తిట్టలేదు. అటు తిరిగి పడుకున్నాడు.

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. జబ్బు నరం మొదలుదాకా ఎక్కిందని, ఎముక తొలిచి శుభ్రంగా ఉన్న చోటు వచ్చేదాకా వెళ్లి కోశానని, మెడలో బిళ్లలన్నీ తీశానని పాండురంగారావు గారు చెప్పారు. "ఆ మాట నువ్వు చెప్పకపోతే నేను సగంలో ఆగేవాణ్ణి" అని కూడా అన్నారు. ఆ మాట పట్టుకుని ఇబ్రహీం కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ కట్లు విప్పినరోజున ఆ ముఖం చూశాక ఏ మాటా పనికిరాలేదు. ఎడమ బుగ్గ జారి వేలాడుతోంది. నోరు కుడి పక్కకి లాగేసింది. కన్ను ఎండకుండా కంటి మూల కుట్టేశారు. ఊళ్లో పిల్లకాయలు ఎగబడి చూసిన బుగ్గ అది.

ఆ తరవాత కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించాలన్నారు, నెలా పదిహేను రోజులు గుంటూరులోనే ఉండి పెట్టించారు. అన్నాళ్లూ మీరా సాహెబ్ ఇబ్రహీంతో ఒక్క మాట మాట్లాడలేదు. వాడు నీళ్లిస్తే తాగాడు, భుజం పట్టుకుని నడిపిస్తే నడిచాడు. అంతే. కొట్టినా బాగుండేది కదా అని ఇబ్రహీం ఒక్కడూ కూర్చుని ఏడ్చేవాడు. వాడి సన్నాయి సంచిలోంచి బయటికి రాలేదు.

బందరు తిరిగొచ్చేసరికి శ్రావణం వచ్చింది. గుడివాడ నుంచి నాంచారయ్య ఒక పెళ్లి కబురు తెచ్చాడు. మీరా సాహెబ్ మేళమే కావాలట, ఇబ్రహీం వాయించినా సరేనట. "బావ లేకుండా నేను ఊదను. ఇంక ఎప్పుడూ ఊదను. నాకు అర్హత లేదు" అన్నాడు ఇబ్రహీం, వాకిట్లో నిలబడి, లోపలికి వినపడేటట్టే.

"ఇలా రమ్మను వాణ్ణి" అన్న మాట లోపల్నుంచి వచ్చింది. పెదాలతో పలికే అక్షరాలు ఆయనకి ఇప్పుడు సరిగా రావు, అయినా తెలిసింది. ఇబ్రహీం వెళ్లి మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. మరియం జావ గిన్నెతో గుమ్మంలో ఆగింది.

"పోయిన శ్రావణంలో గుడివాడలో గాలి జారినప్పుడు నువ్వు ముందుకొచ్చావే," అన్నాడు మీరా సాహెబ్, ఆగి ఆగి, "అప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? వీడు నన్ను దాటాలని చూస్తున్నాడు అనుకున్నాను. ప్రతి పెళ్లిలోనూ ముందుకొస్తూనే ఉన్నావు. పెదవి సంగతి బయటపెడితే నా చోట్లో నువ్వు కూర్చుంటావని భయమేసింది. అందుకే మీ అక్కకి చెప్పలేదు, గుంటూరు ఊసెత్తలేదు. నువ్వు ఒక్కసారి ఊరుకుని ఉంటే, పందిట్లో నాలుగుసార్లు సన్నాయి తప్పి ఉంటే, ఆ సిగ్గుకే డాక్టరు దగ్గరికి పోయేవాణ్ణి."

తను నోరు మూసుకుని బావని ముంచాడని ఇబ్రహీం ఇన్నాళ్లూ అనుకున్నాడు. తను ఊదిన ఊదుడే ముంచిందన్నమాట.

"నీ మనసులో ఏముందో నాకిప్పటికీ తెలీదు" అన్నాడు మీరా సాహెబ్. "చెప్పు. నా కోసమేనా?"

మీ కోసమే బావా, మీ పరువు కోసమే. ఆ మాట ఏడాదిగా నాలుక మీదే ఉంది. అంటే చాలు, ఆ మనిషి మనసు చల్లబడుతుంది. గుమ్మంలో అక్క కూడా ఆ మాట కోసమే చూస్తోంది. ఇబ్రహీం నోరు తెరిచాడు.

"మొదలుపెట్టింది మీ కోసమే బావా. తరవాత..." అని ఆగాడు. "తరవాత నాకు బాగుండేది. నా సన్నాయి వినపడుతుంటే నాకు బాగుండేది. మీ గాలి జారకుండా ఉంటే బాగుండు అని ప్రతిసారీ అనుకోలేదు."

మరియం జావ గిన్నె గుమ్మంలోనే దించేసింది. మీరా సాహెబ్ మూతపడని కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి. ఆ కన్ను ఎప్పుడూ అలాగే కారుతుంది, ఏడుస్తున్నాడో లేదో ఇబ్రహీముకి తెలియలేదు. వాకిట్లో నాంచారయ్య దగ్గాడు.

"గుడివాడ వెళ్లు" అన్నాడు మీరా సాహెబ్ చివరికి. "పెళ్లి ఒప్పుకో. కానీ పక్కన రెండో సన్నాయిని పెట్టుకోకు. ఆ పెళ్లికే కాదు, బతికున్నన్నాళ్లూ పెట్టుకోకు. ఒక్కడివే ఊదు. నీ గాలి జారిందంటే పందిరంతటికీ వినపడాలి."

"అలాగే బావా" అన్నాడు ఇబ్రహీం.